రుణానికీ రాజ్యాంగానికీ మధ్య దక్షిణాఫ్రికా విదేశాంగ విధానం

2015 జూన్ 15, సోమవారం. ప్రిటోరియా హైకోర్టులో ముగ్గురు జడ్జీల ముందు ఒక అత్యవసర పిటిషన్ మీద వాదనలు నడుస్తున్నాయి. ఆఫ్రికన్ యూనియన్ సమావేశాల కోసం జోహానెస్‌బర్గ్ వచ్చిన సూడాన్ అధ్యక్షుడు ఒమర్ అల్ బషీర్‌ను అరెస్టు చేయాలా వద్దా అన్నది విషయం. డార్ఫుర్ మారణకాండ కేసులో ఆయన మీద హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వారంట్ ఉంది. ఆ కోర్టు ఒప్పందం మీద సంతకం చేసిన దేశం కాబట్టి, పట్టుకుని అప్పగించే బాధ్యత దక్షిణాఫ్రికాది. కేసు తేలేదాకా ఆయన్ను దేశం దాటనివ్వొద్దని ముందు రోజు, ఆదివారమైనా సరే కూర్చుని, కోర్టు ఆదేశించింది. ఆయన ఇంకా ఇక్కడే ఉన్నారని ప్రభుత్వ న్యాయవాది సోమవారం పొద్దున కూడా చెప్పారు. మధ్యాహ్నం జడ్జీలు అరెస్టుకు ఉత్తర్వు ఇచ్చారు. అసలు సంగతి అప్పుడు బయటపడింది. ఇక్కడ వాదనలు సాగుతుండగానే ప్రిటోరియా శివార్లలోని వాటర్‌క్లూఫ్ వైమానిక స్థావరం నుంచి బషీర్ విమానం ఎగిరిపోయింది.

సాటి ఆఫ్రికా నాయకుణ్ని హేగ్‌కు పట్టివ్వలేమనుకున్న ప్రభుత్వం దక్షిణాఫ్రికాదే. చట్టం తప్పావంటూ ఆ ప్రభుత్వాన్ని నిలదీసిన కోర్టూ దక్షిణాఫ్రికాదే. ఈ దేశం గురించి బయటివాళ్లు ఎక్కువగా చెప్పే కథ ఒకటుంది: మండేలా ఉన్నప్పుడు నీతి, ఆయన దిగిపోయాక అవకాశవాదం. వినడానికి బాగుంటుంది గానీ, జరిగింది అది కాదు. మొదటి నుంచీ ఇక్కడ రెండు గొంతులున్నాయి. ఒకటి పాలక పార్టీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ (ఏఎన్‌సీ)ది. కష్టకాలంలో తిండి పెట్టిందెవరు, ఆయుధం ఇచ్చిందెవరు, ముఖం చాటేసిందెవరు అన్న లెక్క దానికి నోటికి వచ్చు. రెండోది 1996 రాజ్యాంగానిది. దాన్ని పట్టుకుని కోర్టులూ పౌర సంఘాలూ పత్రికలూ ప్రభుత్వాన్ని వెంటాడుతుంటాయి. విదేశాంగ విధానం ఇంత తరచుగా కోర్టు మెట్లెక్కే దేశాలు ప్రపంచంలోనే తక్కువ.

రుణం ఎక్కడ మొదలైంది

దక్షిణాఫ్రికా మీద మొదట చేయి ఎత్తిన దేశం భారత్. 1946లో, మన దేశంలో ఇంకా బ్రిటిష్ పాలన పోకముందే, ఢిల్లీ ఆ దేశంతో వ్యాపారం తెంచుకుంది. అక్కడి ఆసియావాసుల భూమి హక్కులను కత్తిరిస్తూ అదే ఏడాది వచ్చిన చట్టం దీనికి కారణం. ఆ గొడవను భారత్ ఐక్యరాజ్యసమితి తొలి ఏడాదిలోనే అజెండాకు ఎక్కించింది. అది మా ఇంటి గొడవ, మీకేం పని అని ప్రిటోరియా ప్రభుత్వం వాదించింది. ఆ వాదన చెల్లలేదు. నేషనల్ పార్టీ గెలిచి వర్ణవివక్షను అధికారిక సిద్ధాంతంగా మార్చింది ఆ తర్వాత రెండేళ్లకు, 1948లో.

ఆ ఆసియావాసుల్లో తెలుగువాళ్లు కూడా ఉన్నారు. 1860 నుంచి 1911 వరకు నాటాల్ చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద ఓడలెక్కినవాళ్లు లక్షన్నర పైమాటే. మద్రాసు రేవు నుంచి బయల్దేరినవాళ్లలో విశాఖ, గోదావరి, చిత్తూరు ప్రాంతాల కూలీలు చాలామంది. వాళ్ల వారసులు 1931లో డర్బన్‌లో పెట్టుకున్న ఆంధ్ర మహాసభ నేటికీ నడుస్తోంది. ఇంకో తెలుగు సంబంధం అంతగా తెలియనిది. 1963లో ఐక్యరాజ్యసమితి వర్ణవివక్ష వ్యతిరేక ప్రత్యేక కమిటీ పని మొదలుపెట్టినప్పుడు దాని కార్యదర్శి బాధ్యత నెల్లూరు జిల్లాలో పుట్టిన ఏనుగ శ్రీనివాసులు రెడ్డి తీసుకున్నారు. సుమారు రెండు దశాబ్దాల పాటు ఆంక్షల తీర్మానాలు, ఖైదీల విడుదల ప్రచారాలు, ఉద్యమ నాయకులకు న్యూయార్క్‌లో వేదికలు అన్నీ ఆ బల్ల మీదుగానే నడిచాయి. ఏఎన్‌సీ నాయకుడు ఒలివర్ టాంబో పేరు మీద ఇచ్చే జాతీయ పురస్కారాన్ని 2013లో దక్షిణాఫ్రికా ఆయనకు ఇచ్చింది. ఢిల్లీ, డర్బన్ స్నేహం గురించి మాట్లాడేటప్పుడు గాంధీ దగ్గర ఆగిపోవడం మనకు అలవాటు. ఈ రెడ్డిగారి ఫైళ్ల దాకా వెళ్లేవాళ్లు అరుదు.

1960లో నిషేధం పడ్డాక ఏఎన్‌సీ బయటి దేశాల్లో బతికింది. పార్టీ అధ్యక్షుడు టాంబో జాంబియా రాజధాని లుసాకాలో మకాం పెట్టారు. టాంజానియా బడి కట్టుకోవడానికి భూమి ఇచ్చింది. సోవియట్ యూనియన్ ఆయుధాలు, శిక్షణ ఇచ్చింది. ఆశ్రయం ఇచ్చినందుకు పొరుగు దేశాలు మూల్యం చెల్లించాయి. 1982 డిసెంబరులో దక్షిణాఫ్రికా కమాండోలు లెసోతో రాజధాని మసేరులో ఇళ్ల మీద పడి 42 మందిని చంపారు. 1985 జూన్‌లో బోట్స్‌వానా రాజధాని గాబరోన్‌లో 12 మంది పోయారు. అంగోలాలో 1987-88లో క్విటో క్వానవాలె దగ్గర దక్షిణాఫ్రికా సైన్యానికి ఎదురు నిలిచినవాళ్లలో క్యూబా సైనికులు ఉన్నారు. అదే కాలంలో వాషింగ్టన్, లండన్ ప్రభుత్వాలకు ఏఎన్‌సీ అంటే టెర్రరిస్టు సంస్థ. ఇజ్రాయెల్ 1976లో వర్ణవివక్ష ప్రధాని జాన్ ఫోర్‌స్టర్‌కు స్వాగతం పలికింది. అమెరికా తన టెర్రరిస్టుల జాబితా నుంచి మండేలా పేరు తీసేసింది 2008 జులైలో. అప్పటికి ఆయన నోబెల్ శాంతి బహుమతి అందుకుని 15 ఏళ్లు, అధ్యక్ష పదవి నుంచి దిగి 9 ఏళ్లు.

ఈ లెక్కలు తెలియకపోతే ఆ తర్వాతి నిర్ణయాలు సగం అర్థం కావు. జైలు నుంచి బయటికొచ్చిన నాలుగు నెలలకే, 1990 జూన్‌లో, న్యూయార్క్‌లో జరిగిన ఒక టీవీ సభలో మండేలాను ఇదే అడిగారు: క్యాస్ట్రో, అరాఫత్, గడాఫీలతో మీకు స్నేహమేమిటి? మీ శత్రువులు మాకూ శత్రువులు కావాలనుకోవడమే మీరు చేసే పొరపాటు అని ఆయన తడుముకోకుండా చెప్పారు. అమెరికా సహాయం కావాల్సిన సమయం అది. అయినా మాట మార్చలేదు.

మండేలాకు తగిలిన దెబ్బ

1994 ఏప్రిల్ ఎన్నికల తర్వాత తలుపులన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. ఆఫ్రికా ఐక్యతా సంస్థలో సభ్యత్వం వచ్చింది. 1961లో వదిలేసిన కామన్వెల్త్‌లో మళ్లీ చోటు దొరికింది. 1974 నుంచి మూసి ఉన్న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కుర్చీ తిరిగి దక్కింది. అప్పటికే ఆ దేశం తయారు చేసిన ఆరు అణుబాంబులను తనంతట తానే విప్పేసి, 1991లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరింది. సొంతంగా చేసుకున్న బాంబులను సొంతంగా వదులుకున్న దేశం ఇదొక్కటే. ఆ పని చేసింది మండేలా కాదు, ఆఖరి శ్వేతజాతి అధ్యక్షుడు డిక్లెర్క్. నల్లవాళ్ల ప్రభుత్వం చేతికి బాంబు పోకూడదన్న లెక్క కూడా అందులో ఉందనే అనుమానం చాలామందికి ఉంది. కారణం ఏదైనా, ఆ త్యాగం వల్ల వచ్చిన పరపతిని వాడుకున్నది కొత్త ప్రభుత్వం. 1995లో ఆ ఒప్పందాన్ని శాశ్వతం చేసే చర్చల్లో ప్రిటోరియా మాటకు విలువ దొరికింది అందువల్లే.

మానవ హక్కులే మా విదేశాంగ విధానానికి దారి చూపే వెలుగు అని మండేలా 1993లోనే ఒక అమెరికన్ పత్రికకు రాసిన వ్యాసంలో ప్రకటించారు. ఆ మాటకు పరీక్ష నైజీరియా రూపంలో వచ్చింది. ఒగోని తెగ హక్కుల నాయకుడు, రచయిత కెన్ సారో వివాకు అక్కడి సైనిక పాలకుడు సానీ అబాచా ఉరిశిక్ష ఖాయం చేశాడు. బెదిరిస్తే లాభం లేదు, నెమ్మదిగా నచ్చజెబుదామని మండేలా అనుకున్నారు. 1995 నవంబరు 10న, ఆక్లాండ్‌లో కామన్వెల్త్ సమావేశం మొదలవుతున్న రోజే, అబాచా ఉరి తీయించేశాడు. మండేలా మండిపడ్డారు. నైజీరియా చమురు మీద ఆంక్షలు పెట్టాలని పిలుపునిచ్చారు. కామన్వెల్త్ నుంచి నైజీరియా సస్పెండ్ అయ్యింది. కానీ చమురు ఆంక్షల పిలుపును ఆఫ్రికాలో ఎవరూ అందుకోలేదు. కొనే పాశ్చాత్య దేశాలు కూడా కిమ్మనలేదు. నైజీరియా కూడా ఏఎన్‌సీకి రుణదాతే. విముక్తి పోరాటానికి డబ్బూ, విద్యార్థులకు చదువులూ ఇచ్చిన దేశం. ఆదుకున్నవాడి మీదే నోరు పారేసుకుంటున్నాడన్న సణుగుడు మొదలైంది. కొద్ది వారాల్లో దక్షిణాఫ్రికాలో జరగాల్సిన ఆఫ్రికా కప్ ఫుట్‌బాల్ పోటీ నుంచి, అంతకుముందు విజేత అయిన నైజీరియా తప్పుకుంది. కప్పు దక్షిణాఫ్రికా గెలుచుకుంది. ఖండం నాయకత్వం మాత్రం కప్పుతో పాటు రాలేదు.

ఆ రోజు ఉపాధ్యక్షుడిగా ఉండి ఇదంతా దగ్గర్నుంచి చూసిన మనిషి థాబో ఎంబెకీ. ఒంటరిగా గొంతు చించుకుంటే ఆఫ్రికా వినదు అన్న పాఠం ఆయన మనసులో గట్టిగా నాటుకుపోయిందని తర్వాతి పదేళ్లు చూస్తే తెలుస్తుంది.

నీతికాలం అని పేరుపడ్డ రోజుల్లోనే లెక్కలు చూసుకున్న నిర్ణయాలు కూడా జరిగాయి. తైవాన్‌తో సంబంధాలు వర్ణవివక్ష ప్రభుత్వ వారసత్వం. తైపే, బీజింగ్ రెండింటినీ గుర్తిద్దామని మండేలా ప్రయత్నించారు. బీజింగ్ ఒప్పుకోలేదు. 1997లో హాంకాంగ్ చైనా చేతికి వెళ్లబోతోంది, అక్కడి వ్యాపారం పోగొట్టుకోలేరు. 1996 నవంబరులో మండేలా నిర్ణయం ప్రకటించారు. 1998 జనవరి 1 నుంచి గుర్తింపు బీజింగ్‌కే. అదే 1998 సెప్టెంబరులో, మండేలా విదేశంలో ఉండగా తాత్కాలిక అధ్యక్షుడిగా ఉన్న మంగోసుతు బుతెలేజీ ఉత్తర్వుతో, లెసోతోలోకి సైన్యం దిగింది. అక్కడి తిరుగుబాటును ఆపడానికి అన్నారు. సైనికులు ముందే వెళ్లి కాపలా పెట్టిన చోట్లలో కాట్సే ఆనకట్ట ఒకటి. జోహానెస్‌బర్గ్ తాగే నీళ్లు అక్కడి నుంచే రావాలి. ఆ గొడవల్లో మసేరు నగరంలో చాలా దుకాణాలు తగలబడ్డాయి.

ఎంబెకీ మౌనం, డర్బన్ రేవు

ఎంబెకీ 1999 నుంచి 2008 వరకు అధ్యక్షుడు. విదేశాంగ మంత్రి ఎవరైనా, అసలు మంత్రి ఆయనే. పాత ఆఫ్రికా ఐక్యతా సంస్థ స్థానంలో ఆఫ్రికన్ యూనియన్ 2002 జులైలో డర్బన్‌లోనే పుట్టింది. సభ్య దేశంలో మారణహోమం జరుగుతుంటే జోక్యం చేసుకునే హక్కు ఈ కొత్త సంస్థకు ఉంది, పాతదానికి లేదు. కాంగో శత్రుపక్షాలను సన్ సిటీ రిసార్టులో వారాల తరబడి కూర్చోబెట్టి 2002లో ఒప్పందానికి తెచ్చారు. బురుండీలో, పదవి దిగిన మండేలా మధ్యవర్తిత్వంతో కుదిరిన ఒప్పందానికి దక్షిణాఫ్రికా సైనికులు కాపలా కాశారు. ఖండం కోసం ఇంత పని చేసిన అధ్యక్షుడు ఆ దేశానికి మళ్లీ రాలేదు. ఇది ఒప్పుకోవాల్సిన మాట.

కానీ ఆయన పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది జింబాబ్వే. అక్కడి అధ్యక్షుడు రాబర్ట్ ముగాబే విపక్షాన్ని చితగ్గొడుతుంటే ఎంబెకీ బహిరంగంగా ఒక్క మాట అనలేదు. తెర వెనుక నచ్చజెబుతున్నానన్నారు. దీనికి నిశ్శబ్ద దౌత్యం అని పేరొచ్చింది. 2002 జింబాబ్వే అధ్యక్ష ఎన్నికలను చూసి రమ్మని ఆయనే ఇద్దరు జడ్జీలను పంపారు: డిక్గాంగ్ మొసెనెకె, సిసీ ఖంపెపె. వాళ్లు ఆయన చేతికే నివేదిక ఇచ్చారు. ఆయన దాన్ని బయటపెట్టలేదు. ఒక వారపత్రిక సమాచార హక్కు కింద 2008లో అడిగింది, లేదన్నారు. కోర్టుకెళ్లింది. ప్రభుత్వం కింది కోర్టు నుంచి రాజ్యాంగ న్యాయస్థానం దాకా ఆరేళ్లు పోరాడి ఓడింది. 2014 నవంబరులో నివేదిక బయటికొచ్చింది: ఆ ఎన్నికలు స్వేచ్ఛగా, న్యాయంగా జరగలేదని ఇద్దరు జడ్జీలూ పన్నెండేళ్ల కిందటే రాసిచ్చారు. ఎంబెకీకి తెలుసు. తెలిసే ఆ ఎన్నికలను ఆమోదించారు.

2008 ఏప్రిల్‌లో జరిగింది ఇంకా ఆసక్తికరం. జింబాబ్వేలో ఎన్నికలై ఫలితం ప్రకటించకుండా తొక్కిపెట్టిన రోజులు. చైనా ఓడ ఆన్ యూ జియాంగ్ డర్బన్ బయట లంగరేసింది. లోపల జింబాబ్వే సైన్యం కోసం తూటాలు, మోర్టారు గుండ్లు, రాకెట్లు. కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి, రెండు దేశాల మధ్య సరుకు రవాణా, మేమెలా ఆపుతామని ప్రభుత్వం చేతులెత్తేసింది. రవాణా కార్మికుల యూనియన్ మాత్రం ఆ పెట్టెలు మేం దించం, మా లారీలు మోయవు అని తేల్చి చెప్పింది. ఒక బిషప్, న్యాయ సహాయ సంస్థ కలిసి డర్బన్ హైకోర్టుకు వెళ్లారు. ఆయుధాలు దేశం మీదుగా వెళ్లకుండా కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఆ కాగితం అందేలోపు ఓడ లంగరెత్తి వెళ్లిపోయింది. ఆ తర్వాత చుట్టుపక్కల రేవుల్లోనూ దానికి తేలిగ్గా చోటు దొరకలేదు. ఒక దేశపు విదేశాంగ విధానాన్ని ఆ వారం నడిపింది ప్రిటోరియాలోని ఆఫీసు కాదు, రేవులో బస్తాలు మోసే మనుషులు.

ఐక్యరాజ్యసమితిలో కూడా ఇదే వైరుధ్యం. దక్షిణాఫ్రికా తొలిసారి భద్రతా మండలిలో కూర్చుంది 2007 జనవరిలో. ఆ నెలలోనే మియన్మార్ సైనిక పాలకులను తప్పుబట్టే తీర్మానం వచ్చింది. చైనా, రష్యాలతో కలిసి వ్యతిరేకంగా ఓటేసింది. ఇది భద్రతా మండలి పరిధి కాదు, మానవ హక్కుల మండలిలో చూసుకోవాలన్నది వాదన. 1946లో ఇది మా ఇంటి గొడవ అని ప్రిటోరియా వాదించిన సంగతి గుర్తున్నవాళ్లకు ఆ రోజు నోట మాట రాలేదు.

మార్కెట్ల కాలం

అధ్యక్షుడిగా జాకబ్ జుమా వచ్చాక 2009లో విదేశాంగ శాఖ పేరే మారింది: అంతర్జాతీయ సంబంధాలు, సహకార శాఖ. అదే ఏడాది చైనా ఆ దేశానికి అతి పెద్ద వ్యాపార భాగస్వామి అయ్యింది. 2010 డిసెంబరులో బ్రెజిల్, రష్యా, భారత్, చైనాల బ్రిక్ కూటమికి ఆహ్వానం వచ్చింది. 2011 ఏప్రిల్‌లో చైనాలోని సాన్యా సమావేశంతో ఆ పేరు చివర ఇంకో అక్షరం చేరింది. అప్పటికే భారత్, బ్రెజిల్‌లతో కలిసి 2003లో పెట్టుకున్న ఇబ్సా ఉంది. మూడూ ప్రజాస్వామ్యాలు, మూడు ఖండాలు. బ్రిక్స్ వచ్చాక ఇబ్సా గురించి పట్టించుకున్నవాళ్లు తగ్గిపోయారు. డబ్బు ఉన్న చోటికే అందరూ వెళ్తారు కదా.

జుమా కాలంలో తడబాట్లు ఎక్కువ. 2011 మార్చిలో లిబియా మీద నో ఫ్లై జోన్ తీర్మానానికి అనుకూలంగా ఓటేశారు. దాన్ని అడ్డం పెట్టుకుని నాటో బాంబులేసి గడాఫీని దించేస్తుంటే మోసపోయామని గగ్గోలు పెట్టారు. ఆ చేదు అనుభవం, తర్వాత సిరియా విషయంలో, యుక్రెయిన్ విషయంలో కూడా పాశ్చాత్య దేశాల తీర్మానం అనగానే చేయి లేవకపోవడానికి ఒక కారణం. ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టూటూ 80వ పుట్టినరోజుకు రావాలనుకున్న దలైలామాకు 2011లో వీసా నాన్చి నాన్చి రాకుండా చేశారు. చైనా ఒత్తిడి లేదన్నారు, నమ్మినవాళ్లు తక్కువ. ఆ ఆలస్యం చట్టవిరుద్ధమని 2012లో అప్పీలు కోర్టు చెప్పింది.

బషీర్ కేసులోనూ అంతే. ప్రభుత్వం తప్పు చేసిందని 2016 మార్చిలో అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. అయితే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు సభ్యత్వమే వద్దని అక్టోబరులో ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి ఉపసంహరణ లేఖ పంపింది. పార్లమెంటును అడగకుండా అలా పంపడం కుదరదని 2017 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. మార్చిలో లేఖ వెనక్కి తీసుకున్నారు. దక్షిణాఫ్రికా ఇప్పటికీ ఆ కోర్టు సభ్యురాలే.

2023 మార్చిలో అదే కోర్టు వ్లాదిమిర్ పుతిన్ మీద వారంట్ జారీ చేసినప్పుడు ఈ పాత తీర్పులన్నీ గోడలా నిలబడ్డాయి. ఆ ఆగస్టులో జోహానెస్‌బర్గ్‌లో బ్రిక్స్ సమావేశం. పుతిన్ వస్తే అరెస్టు చేయాలి; చేస్తే రష్యా మీద యుద్ధం ప్రకటించినట్టే అని అధ్యక్షుడు సిరిల్ రామఫోసా కోర్టు అఫిడవిట్‌లోనే రాశారు. విపక్షం డెమోక్రటిక్ అలయన్స్ కోర్టులో కాచుకుని ఉంది. ఈ టెన్షన్ నెలల తరబడి సాగి, జులైలో పరస్పర అంగీకారంతో పుతిన్ రావడం లేదన్న ప్రకటనతో తేలింది. ఆయన వీడియోలో మాట్లాడారు. 2015లో విమానం ఎగరనిచ్చిన ప్రభుత్వం, 2023లో విమానం దిగకుండా చూసుకుంది. ఎనిమిదేళ్లలో వచ్చిన మార్పు అంతే, కానీ చిన్నది కాదు.

యుక్రెయిన్ యుద్ధం మీద 2022 మార్చి 2 ఐక్యరాజ్యసమితి ఓటింగులో దక్షిణాఫ్రికా, భారత్ లాగే, తటస్థంగా ఉండిపోయింది. మాస్కోకు రుణపడి ఉన్నామన్న మాట ఏఎన్‌సీలో వినిపించింది. ఇందులో ఒక తిరకాసు ఉంది. 1960లలో ఏఎన్‌సీ సాయుధ విభాగం కుర్రాళ్లు సైనిక శిక్షణ పొందిన చోట్లలో ఒడెస్సా ముఖ్యమైనది. అది ఉన్నది యుక్రెయిన్‌లో. రుణం సోవియట్ యూనియన్‌కైతే, అందులో కీవ్ వాటా ఎంత, మాస్కో వాటా ఎంత? పార్టీ ఆ లెక్క వేయలేదు. పైగా యుద్ధం మొదలై సరిగ్గా ఏడాది నిండే రోజుల్లో రష్యా, చైనాలతో కలిసి డర్బన్ దగ్గర సముద్రంలో నౌకాదళ విన్యాసాలు చేసింది. తటస్థం అని చెప్పుకునే దేశానికి ఆ తేదీలు ఎందుకు దొరికాయో ఎవరూ వివరించలేకపోయారు.

హేగ్ నుంచి వైట్‌హౌస్ దాకా

2023 డిసెంబరు 29న దక్షిణాఫ్రికా హేగ్‌లోని మరో కోర్టు, అంతర్జాతీయ న్యాయస్థానం తలుపు తట్టింది. గాజాలో ఇజ్రాయెల్ జాతి నిర్మూలన ఒప్పందాన్ని ఉల్లంఘిస్తోందన్నది కేసు. 2024 జనవరి 11, 12 తేదీల్లో వాదనలు జరిగాయి. 26న, గాజా ప్రజలకు రక్షణగా తాత్కాలిక చర్యలు తీసుకోవాలని కోర్టు ఇజ్రాయెల్‌ను ఆదేశించింది; దాడులు ఆపాలన్న కోరికను ఆ రోజు మన్నించలేదు. పాలస్తీనా స్వేచ్ఛ లేకుండా మా స్వేచ్ఛ పూర్తి కాదని మండేలా 1997లో అన్న మాట ఆ రోజుల్లో ప్రతి ర్యాలీలోనూ వినిపించింది. ఆయన తర్వాత రుణమూ చట్టమూ ఒకే వైపు లాగిన సందర్భం బహుశా ఇదొక్కటే. దేశంలో ఆ కేసుకు అంత మద్దతు రావడానికి అదీ ఒక కారణం. అయితే బషీర్‌కు దారిచ్చిన దేశం అంతర్జాతీయ చట్టం గురించి చెబుతోందేమిటని విమర్శకులు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే.

2024 మే ఎన్నికల్లో ఏఎన్‌సీకి 40 శాతం ఓట్లే వచ్చాయి. ముప్ఫై ఏళ్లలో తొలిసారి మెజారిటీ పోయి, కోర్టులో తనను ఇరుకున పెట్టిన డెమోక్రటిక్ అలయన్స్‌తోనే కలిసి ప్రభుత్వం పెట్టాల్సి వచ్చింది. విదేశాంగ శాఖను మాత్రం ఏఎన్‌సీ వదల్లేదు. రొనాల్డ్ లమోలా మంత్రి అయ్యారు. అంతలో అమెరికాలో ట్రంప్ తిరిగొచ్చారు. 2025 ఫిబ్రవరిలో సహాయం నిలిపేస్తూ ఆయన ఇచ్చిన ఉత్తర్వులో రెండు ఫిర్యాదులున్నాయి: కొత్త భూసేకరణ చట్టం, ఇజ్రాయెల్ మీద కేసు. మార్చిలో దక్షిణాఫ్రికా రాయబారి ఇబ్రహీం రసూల్‌ను వెళ్లగొట్టారు.

మే 21న రామఫోసా వైట్‌హౌస్‌కు వెళ్లారు. ట్రంప్‌కు గోల్ఫ్ పిచ్చి కాబట్టి వెంట ఎర్నీ ఎల్స్, రిటీఫ్ గూసెన్ అనే ఇద్దరు గోల్ఫ్ ఛాంపియన్లను తీసుకెళ్లారు. ట్రంప్ గదిలో లైట్లు తగ్గించి వీడియో వేశారు, శ్వేతజాతి రైతుల ఊచకోత జరుగుతోందంటూ కాగితాలు ఒక్కొక్కటీ తిప్పి చూపించారు. అందులో శవాలను మోస్తున్న ఒక ఫొటో దక్షిణాఫ్రికాది కాదు. తూర్పు కాంగోలోని గోమాలో ఒక వార్తాసంస్థ తీసిన వీడియోలోది. ఆ గోమా చుట్టూ జరిగిన పోరులోనే, ఆ జనవరిలో, శాంతి పరిరక్షణకు వెళ్లిన 14 మంది దక్షిణాఫ్రికా సైనికులు ప్రాణాలు కోల్పోయారు. ఖండం కోసం ఈ దేశం చెల్లించిన మూల్యం తాలూకు ఊరి ఫొటోనే ఆ దేశాధ్యక్షుడి ముఖం ముందు నేరపత్రంలా ఊపారు.

ఆగస్టులో 30 శాతం సుంకం పడింది. నవంబరు 22, 23 తేదీల్లో, ఆఫ్రికా నేల మీద జరిగిన మొదటి జీ20 శిఖరాగ్ర సమావేశానికి అమెరికా రాలేదు. అమెరికా ఒప్పుకోకపోతే ప్రకటన ఉండకూడదన్న హెచ్చరికను పక్కనపెట్టి, మొదటి రోజే ప్రకటనను ఆమోదించేశారు. తర్వాతి అధ్యక్షత అమెరికాదే. అప్పగింతకు ఎంబసీ అధికారిని పంపుతామంటే, మా అధ్యక్షుడు అంత కింది స్థాయి ఉద్యోగికి అప్పగించరని ప్రిటోరియా తిప్పికొట్టింది. సొంతవాళ్లలో చాలామందికి ఇది నచ్చింది. తూర్పు కేప్ కార్ల ఫ్యాక్టరీల్లో, పశ్చిమ కేప్ నారింజ తోటల్లో పనిచేసేవాళ్లకు అంత తేలిగ్గా నచ్చి ఉండదు. వాళ్ల సరుకుకు అమెరికా ముఖ్యమైన గిరాకీ.

పొరుగు దేశాలకైతే ఫిర్యాదు వేరే ఉంది. మసేరు, గాబరోన్, లుసాకాల రుణం గురించి వేదికల మీద ఎంత చెప్పినా, 2008 మేలో జోహానెస్‌బర్గ్ బస్తీల్లో మొదలై ఇతర చోట్లకూ పాకిన వలస కూలీల మీది దాడుల్లో 62 మంది చనిపోయారు. 2019లో మళ్లీ జరిగితే నైజీరియా తన పౌరులను విమానాల్లో తీసుకుపోయింది. దాడి చేసినవాళ్లకు ఏఎన్‌సీ ప్రవాస చరిత్ర తెలియదు. తెలిసినా, పని దొరకని కుర్రాడికి అది కడుపు నింపే విషయం కాదు.

హేగ్‌లో కేసు నడుస్తున్న నెలల్లోనూ ఇజ్రాయెల్‌కు దక్షిణాఫ్రికా బొగ్గు వెళ్తూనే ఉంది. కొలంబియా తన బొగ్గును ఆపేసింది, కేసు వేసిన దేశం ఆపలేదు. దీని మీద ఉద్యమ సంఘాలు జోహానెస్‌బర్గ్‌లో బొగ్గు కంపెనీ ఆఫీసు ముందు ప్లకార్డులు పట్టుకున్నాయి. డర్బన్‌కు ఉత్తరాన రిచర్డ్స్ బే రేవులో కన్వేయర్లు ఆగలేదు. 2008లో పెట్టెలు దించమని భీష్మించిన కార్మికులున్న రేవుకూ దీనికీ మధ్య దూరం కారులో రెండు గంటలు.